పలచ రక్తం

1954 జూలై నెలలో ఒక మంగళవారం పొద్దున, మద్రాసు చింతాద్రిపేటలో కట్టెల తొట్టి, అంటే వంటకట్టెలు అమ్మే అంగడి, నడిపే వెంకటపతి తన కొడుకు యతిరాజులును చెంప మీద కొట్టాడు. పిల్లవాడికి అయిదేళ్ళు. శనివారం మధ్యాహ్నం వాడు పెద్దాసుపత్రిలో చనిపోయాడు.

కొట్టినప్పుడు తల్లి కనకవల్లి పొయ్యి దగ్గర ఉంది. తొట్టిలో అమ్ముడుపోని పచ్చికట్టెలే ఇంటికి వచ్చేవి. అవి మండవు, పొగ వస్తుంది. ఆమె ఊదుగొట్టం పట్టుకుని ఊదుతోంది. నడవాలో వెంకటపతి గోడకు తగిలించిన అద్దం ముందు కూర్చుని నామం పెట్టుకుంటున్నాడు. తెల్లటి తిరుమణి గీతలు రెండూ అయ్యాయి. మధ్యలో శ్రీచూర్ణం గీత గీస్తుండగా పిల్లవాడు వెనక నుంచి వచ్చి భుజాలు పట్టుకుని వేలాడాడు. ఎర్రగీత వంకరపోయి కనుబొమ మీదికి దిగింది. వెంకటపతి పుల్ల కింద పెట్టాడు. వెనక్కి తిరిగి కొట్టాడు. తర్వాత తడిగుడ్డతో నొసలు తుడుచుకుని, గీతలు మూడూ మళ్ళీ మొదటి నుంచి గీసుకున్నాడు.

ఆ చప్పుడు కనకవల్లికి వినబడింది. ఊదడం ఆపలేదు. ఆ ఇంట్లో అది రోజూ ఏదో ఒక గదిలో నుంచి వచ్చే చప్పుడే. పిల్లవాడు ఏడవలేదు. ఏడిస్తే రెండోది పడుతుందని వాడికి తెలుసు. పన్ను తగిలి నాలుక కింద చీలింది. అది ఎవరూ చూడలేదు. నోట్లోకి వచ్చిన రక్తం వచ్చినట్టే వాడు మింగాడు. బుధవారం తెల్లవారి నల్లగా కక్కుకున్నాడు.

ముందు పటిక పెట్టారు. తర్వాత పసుపు, తర్వాత కాఫీపొడి అదిమారు. ఆగినట్టే ఆగి మళ్ళీ కారింది. గురువారం పొద్దున దిండు తడిసి చాప తడిసింది. అప్పుడు రిక్షా మాట్లాడారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, దెబ్బ ఎలా తగిలిందని అరవంలో అడిగింది. కనకవల్లి నోరు తెరిచేలోగా పక్కన నిలబడ్డ తాయారమ్మ "పడినాడు" అంది.

తాయారమ్మ వెంకటపతి తల్లి. కనకవల్లికి అత్త. అంతకంటే ముందు అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి. కనకవల్లి తల్లి చెంగమ్మ, వెంకటపతి ఒక కడుపున పుట్టినవాళ్ళు. అక్క కూతురిని తమ్ముడు చేసుకోవడం వాళ్ళల్లో హక్కు. తమ్ముడు వద్దంటే అక్కకు కోపం, అక్క ఇవ్వనంటే తమ్ముడికి కోపం. అందుకని కనకవల్లి పదహారో ఏట, చిన్నప్పుడు సెలవులకు వచ్చిన ఇంటికే కాపరానికి వచ్చింది. అవ్వను అవ్వా అనే పిలిచింది. మామను మామా అనే పిలిచింది. పిలుపులు మారలేదు. మిగతావన్నీ మారాయి.

గురువారం సాయంత్రం వెంకటపతి రక్తం పరీక్ష చేసి, సరిపోతుందని ఒక సీసా తీసి పిల్లవాడికి ఎక్కించారు. కనకవల్లిది సరిపోలేదు. శుక్రవారం పొద్దున కారడం ఆగింది. పిల్లవాడు కళ్ళు తెరిచి మురుకు కావాలన్నాడు. మధ్యాహ్నం మళ్ళీ మొదలైంది. డాక్టరమ్మ తండ్రిని పిలిపించమంది. తాయారమ్మ రిక్షాలో తొట్టికి వెళ్ళి చీకటి పడకముందే ఒక్కతే తిరిగి వచ్చింది. వెంకటపతి చెప్పి పంపిన మాట ఇది. "ఒక సీసా ఇచ్చినాను గదా. ఒళ్ళు తూలతా ఉంది. ఈడ రెండు లారీల కట్టెలు దిగతా ఉండాయి. ఇంకెవరినైనా చూసుకోమను."

శనివారం పొద్దున ఇంకెవరిదో రక్తం దొరికింది. ఎక్కించారు. ఆగలేదు.

అవ్వ తొట్టికి వెళ్ళి వచ్చేలోగా, శుక్రవారం సాయంత్రం, డాక్టరమ్మ కనకవల్లిని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడిగింది. అన్నదమ్ములున్నారా అంటే లేరంది, ఒక చెల్లెలు అంది. మీ అమ్మకు అంటే, ఒకాయన చిన్నప్పుడే పోయాడు, ఒకాయన ఉన్నాడు అంది.

"ఉన్నాయనకు దెబ్బ తగిలితే రక్తం ఆగుతుందా?"

"ఆగతాది. ఆయనే నా ఇంటాయన."

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. మనిషి రక్తంలో గడ్డకట్టే గుణం ఒకటి ఉంటుంది. కొన్ని వంశాల్లో అది లోపిస్తుంది. లోపం ఆడవాళ్ళు మోస్తారు. మోసేవాళ్ళకు మామూలుగా ఏమీ కాదు. వాళ్ళ కొడుకుల్లో సగం మందికి తగులుతుంది. కూతుళ్ళలో సగం మంది తల్లిలాగే మోస్తారు. ఆ సగం ఎవరన్నది పుట్టినప్పుడు తెలియదు. నీకు మీ అమ్మ నుంచి వచ్చింది. మీ అమ్మకు వాళ్ళ అమ్మ నుంచి వచ్చి ఉంటుంది. మీ ఆయన తప్పించుకున్నాడు, అంతే. ఆయన నుంచి ఇది రాదు.

కనకవల్లి అంతా విని ఒక్కటే అడిగింది. "నా చెల్లెలికి?"

"ఉండొచ్చు, లేకపోవచ్చు. కొడుకు పుట్టాకగానీ తెలియదు."

శనివారం శవాన్ని ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ ఇవే మాటలు వెంకటపతికీ చెప్పింది. అతను చివరి మాట ఒక్కటి పట్టుకున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు. "డాక్టరే చెప్పిందప్పా. మొగోడి నుంచి రాదంట. తల్లి నుంచే వస్తాదంట. నా రక్తం ఎక్కిస్తే ఒక పూట లేచి కూచున్నాడు, మురుకు అడిగినాడు. దాని రక్తమే వాణ్ణి తినేసింది." వచ్చినవాళ్ళు తలలు ఊపారు. లోపల కనకవల్లి వాళ్ళకు కాఫీ కలుపుతోంది. చెంపదెబ్బ ఆ కథలో లేదు. రెండో సీసా ఆ కథలో లేదు. పదోరోజు అయ్యేసరికి కథ గట్టిపడింది. వీధిలో ఆడవాళ్ళు కూడా అదే చెప్పుకున్నారు.

కర్మ అయిన మర్నాడు వెంకటపతి అన్నం ముందు కూర్చుని మళ్ళీ అదే మాట అన్నాడు. తల్లి నుంచి వస్తుందంట, అన్నాడు. కనకవల్లి చారు వడ్డిస్తూ, "ఆ తల్లికి తల్లి ఎవురు మామా?" అంది. గొంతు పెంచలేదు. అడిగింది, అంతే.

వెంకటపతి ఎంగిలి చేత్తోనే లేచాడు. పొయ్యి పక్కన చీల్చిన సరుగుడు కట్టె ఉంది. అది తీసుకున్నాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది వీపు మీద. ఆమె గోడ వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. తల దాచుకోవడం ఆమెకు అలవాటు. కట్టె కొస నోటికి తగిలి కింది పన్ను కదిలింది. అతను కట్టె పొయ్యిలో పారేసి, చెయ్యి కడుక్కుని, తొట్టికి పోయాడు. అన్నం విస్తరిలో అలాగే ఉంది. ఆమె విస్తరి తీసి, నేల అలికి, రాత్రికి బియ్యం కడిగింది.

బియ్యం కడుగుతూ జలదారి దగ్గర ఉమ్మింది. ఎర్రగా పడింది. మళ్ళీ ఉమ్మింది. ఎసరు మరిగే వేళకు తెల్లగా పడింది. ఆమె అక్కడే నిలబడి ఆ ఉమ్మిని చూసింది. ఆగింది. తన రక్తం ఆగుతుంది. ఏడేళ్ళుగా ఆగుతూనే ఉంది. పెళ్ళయిన మూడో నెల, తలుపు రెక్క మీదికి తోసినప్పుడు పగిలిన నొసలు ఆగింది. యతిరాజులు కడుపులో ఉన్నప్పుడు తన్నితే కారింది కూడా ఆగింది. కత్తిపీట, గాజుముక్క, అట్లకాడ, అన్నీ ఆగాయి. తెల్లవారేసరికి ముగ్గు వేసుకుంటూ ఉండేది. వీధి ఆమెను చూసి బాగానే ఉందనుకునేది. ఆమె కూడా అలాగే అనుకుంది. అమ్మ రక్తమూ ఆగింది. నాయన తాగి వచ్చిన రోజుల్లో అమ్మ ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని పిండి కలపడం తను చూసింది. అవ్వది కూడా ఆగే ఉంటుంది. ఒక్కొక్క తరంలో ఒక్కొక్క ఆడది ఒళ్ళంతా దెబ్బలు తిని, ఆగిన రక్తంతో లేచి, పొయ్యి రాజేసి, బిడ్డను కన్నది. దెబ్బలు ఆడవాళ్ళకు పడినంత కాలం ఈ లోపం ఎవరికీ కనపడలేదు. ఒక్క దెబ్బ మగపిల్లవాడికి పడింది. కనపడింది.

ఆ సాయంత్రం అవ్వ ఆముదం వెచ్చజేసి కనకవల్లి వీపుకు రాసింది. అవ్వ చెయ్యి మెత్తగా ఉండదు. వాతలు ఎక్కడ తేలాయో ఆ చేతికి చూడకుండానే తెలుసు.

"నోరు అదుపులో పెట్టుకుంటే ఈ నూనె మిగిలేది గదే" అంది.

"అవ్వా, నీ తమ్ముళ్ళు ఎట్ల పోయిరి?"

అవ్వ చెయ్యి ఆగింది. "నాకు తమ్ముళ్ళు ఉండారని ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే. డాక్టరమ్మ లెక్క ప్రకారం ఉండాల."

అవ్వ నూనెగిన్నె పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది. "ఇద్దరు. పెద్దోడు తలనీలాలు తీసేటప్పుడు. చెవి పక్కన మంగలి కత్తి తగిలింది. ఇంతే గాటు, గోరంత. మూడు దినాలు కారింది. చిన్నోడు ఉయ్యాల మింద నుంచి పడి, మోకాలు వాచి వాచి, ఆడనే పోయినాడు. నా పెద్దకొడుకూ అంతే. మనది పలచ రక్తమే. మా అమ్మ చెప్పేది. పలచ రక్తాన్ని బయట కలపగూడదు, కలిపితే నీళ్ళయిపోతాది అని. పాలు పలచనైతే దాంట్లో నీళ్ళు పోస్తారా ఎవురైనా? పాలే పోయాల. అప్పుడే చిక్కబడతాది."

"అందుకని నన్ను మామకిచ్చినావా?"

"అందుకనే. మా అమ్మ నన్ను మా మేనమామకే ఇచ్చింది. నేను నిన్ను నీ మేనమామకిచ్చినా. మంచికే గదా."

"చిక్కబడలే గదా అవ్వా."

"ఒక దానితో ఏమవతాది. ఇంకోసారి కలపాల." అవ్వ మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కుంది. "అలివేలు ఉంది గదా."

అలివేలుమంగ కనకవల్లి చెల్లెలు. పదిహేడేళ్ళు. ఎన్నూరులో అమ్మానాయనల దగ్గర ఉంది. నాయన గోపాలస్వామి అక్కడ ఉప్పుమడుల్లో కావలి పని చేస్తాడు. మాట అప్పటికే జరిగిపోయిందని, కర్మకు వచ్చిన రోజే చెంగమ్మ తమ్ముడికి తల ఊపి వెళ్ళిందని అవ్వ చెప్పింది. అరవవాళ్ళ ఆవణిమాసంలో, అంటే మన శ్రావణంలో, ముహూర్తం. కనకవల్లికి చెప్పడం మర్చిపోయారు.

వారం తర్వాత చెంగమ్మ ఒక మూటెడు ఉప్పు తీసుకుని చింతాద్రిపేట వచ్చింది. కూతురి వీపు చూసింది. రుబ్బురోలు దగ్గర కూర్చుని మినప్పిండి అందుకుంది. ఇద్దరూ ఒకరు తిప్పుతుంటే ఒకరు తోస్తూ రుబ్బారు.

"అమ్మా, దాన్ని ఇయ్యొద్దు. దాని రక్తంలో గూడ ఉండచ్చని డాక్టరమ్మ చెప్పింది. మళ్ళా మగబిడ్డ పుడితే మళ్ళా ఇదే."

"డాక్టరమ్మ ఏమన్నా దేవతా? ఉండచ్చు, లేకపోవచ్చు అన్నాదంట గదా. లేకపోతే?"

"ఉంటే?"

"చుమ్మా నోరు మూసుకొని ఉండవే. నీ బాగు కోసమే చేస్తా ఉండాము. మామ బయట నుంచి ఎవుత్తెనో తెచ్చుకున్నాడనుకో, అది నిన్ను పొయ్యి కాడ గూడ నిలవనీదు. చెల్లెలైతే అక్కా అని ఇంత కూడు పెడతాది. అయినా బయటోళ్ళు ఎవురిస్తారు, ఒక పెళ్ళాం ఉండగా? చట్టం గూడ వచ్చిందంట, రెండో పెళ్ళి కూడదని. మీ నాయన భయపడతా ఉండాడు."

"మామ ఏమన్నాడు?"

"చట్టం కోర్టులో ఉంటాది, తాళి గుళ్ళో ఉంటాది అన్నాడు. సొంత అక్క కాకపోతే ఇంకెవురిస్తారు వాడికి?"

కనకవల్లి పొత్రం ఆపింది. "పిల్లోణ్ణి మామ కొట్టినాడు అమ్మా. నామం చెదిరిందని. అవ్వ పడినాడు అని చెప్పింది గానీ, కొట్టినాడు."

"మొగోడన్నాక కొట్టడా? మీ నాయన నన్ను కొట్టలేదా? నేను చచ్చిపోయినానా?"

"నువ్వు చావలే. నీ రక్తం ఆగతాది. నువ్వు కనే కొడుకు చచ్చిపోతాడు. నీకు కొడుకులు పుట్టలేదు, అదొక్కటే నీ అదృష్టం."

చెంగమ్మ పిండి చేత్తో కూతురి నోటి మీద కొట్టింది. కదిలిన పన్ను ఊడి పిండిలో పడింది. చెంగమ్మ దాన్ని ఏరి పారేసి, ఆ చోట పిండి గరిటెతో తీసేసి, మిగతాది గిన్నెలోకి ఎత్తింది. మరుసటి పొద్దున వెంకటపతి ఆ పిండి దోసెలు ఆరు తిన్నాడు.

పెళ్ళి పనులకు మనుషులు కావాలి. అప్పడాలు ఒత్తాలి, పసుపు దంచాలి, బియ్యం ఏరాలి, వచ్చినవాళ్ళకు వండాలి. మొదటి భార్య గనుక కనకవల్లి చెయ్యాలి. అందుకని ముహూర్తానికి మూడు రోజుల ముందు ఆమె ఎన్నూరుకు పోతానంటే ఎవరూ ఆపలేదు. పాసింజరు బండి దిగి నడిచి వెళ్ళేసరికి అలివేలుమంగ ఉప్పుమడి గట్టు మీద ఉంది. నాయనకు అన్నం తెచ్చి, ఆయన తింటున్నంతసేపూ ఆయన పని తను చేస్తోంది. పొడుగు కర్రకు అడ్డంగా పలక బిగించిన పారతో మడిలో తేలిన ఉప్పును గట్టుకు లాగుతోంది.

"పెళ్ళికూతుర్ని పని చేయనిచ్చినారా?" అంది కనకవల్లి.

"ఇది పనా? ఆడ నీ ఇంటికొస్తే గదా పని" అంది అలివేలు. "పన్నేమయింది?"

"అమ్మ."

"మామ అనుకున్నా. మామ పేరు ఊరికే పోయింది పాపం."

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. కనకవల్లి చెప్పాల్సినవన్నీ చెప్పింది. నామం, చెంపదెబ్బ, మొదటి సీసా, రాని రెండో సీసా, డాక్టరమ్మ మాటలు, అవ్వ తమ్ముళ్ళు, పాలలో పాలు. వరసగా, ఏదీ వదలకుండా. అలివేలు కాలి బొటనవేలితో ఉప్పు కెలుకుతూ విన్నది.

"చిన్నప్పుడు మామ నన్ను చంకనేసుకొని తిరునాళ్ళకి తీసకపోయినాడు" అంది చివరికి. "నేను ఆయన అంగీ మింద ఉచ్చ పోసినా. నిన్ను గూడ ఎత్తుకొని తిరిగినాడు గదక్కా. నీకు ఎట్లనో అనిపించలేదా?"

"అనిపించింది. చెప్పేదానికి మాట తెలీలేదు."

"నా ఒంట్లో గూడ ఉందంటావా అది?"

"తెలీదు. సగానికి సగం."

"సరి" అంది అలివేలు. లేచి పావడా దులుపుకుంది. "ఉన్నా లేకపోయినా, అది నాది. ఆయనకి ఎందుకియ్యాల?"

ఆ మూడు రోజులూ కనకవల్లి అప్పడాలు ఒత్తింది. అలివేలు నేను చేసుకోను అని అమ్మకు చెప్పింది. అమ్మ గరిటెతో కొట్టింది. నాయనకు చెప్పింది. నాయన బీడీ వెలిగించుకుని బయటికి పోయాడు. ముహూర్తం రోజు పొద్దున వెంకటపతి తల్లితో, ఇద్దరు బంధువులతో వచ్చాడు. నొసట నామం తిన్నగా ఉంది. గుడికి పోయేందుకు ఎద్దులబండి వాకిట నిలబెట్టారు. పెరుమాళ్ గుడి అక్కడికి ఎంతో దూరం లేదు.

అలివేలు పెళ్ళిచీర కట్టుకోలేదు. మామూలు చీరలో వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"నేను రాను మామా" అంది.

వెంకటపతి నవ్వాడు. బంధువుల వైపు తిరిగి, "సిగ్గు" అన్నాడు.

"సిగ్గు కాదు. నువ్వు పిల్లోణ్ణి కొట్టినావు. రక్తమియ్యమంటే రాలేదు. నేను రాను."

అతను ఆమె జడ పట్టుకున్నాడు. జడ చేతికి రెండు చుట్లు చుట్టి బండి వైపు లాగాడు. ఆమె రెండు చేతులతో గుంజ పట్టుకుంది. అతను ఎడమ చేత్తో జడ పట్టి, కుడి చేత్తో ఆమె మొహం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. రెండోసారి కొట్టాడు. చెంగమ్మ గడపలో నిలబడి, "పోవే, పోతే అయిపోతాది గదా" అంటోంది. అవ్వ బండి పక్కన ఉంది. బంధువులు నేల చూశారు.

ఉప్పు లాగే పార చూరుకు ఆనించి ఉంది. కనకవల్లి దాన్ని తీసుకుంది. మూడో దెబ్బకు ఎత్తిన చేతి మీద, మణికట్టుకు పైన, పలక అంచు పడేలా కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు గడపలో ఉన్నవాళ్ళకు కూడా వినబడింది. అతను జడ వదిలి మోకాళ్ళ మీద పడ్డాడు. ఆమె మళ్ళీ కొట్టింది. అది మోచేతి మీద పడింది. అతను నేల మీదికి ఒరిగాక ఇంకోసారి కొట్టింది. తర్వాత పార పక్కన పెట్టి, చెల్లెలి మొహం పట్టుకుని, వెలుతురు వైపు తిప్పి, పెదవి చూసింది. కొంగు అదిమింది. అలా అదిమే ఉంచింది. పోలీసు వచ్చేసరికి అది ఆగింది.

కేసు ఎక్కువ రోజులు నడవలేదు. వెంకటపతి చెయ్యి రెండు చోట్ల విరిగిందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. బంధువులు ఇద్దరూ చూసింది చెప్పారు. మూడో సాక్షి తాయారమ్మ. కొడుకు తరఫున పిలిచారు. ఆమె బోనులో నిలబడి కోర్టును, కొడుకును, మనవరాలిని చూసింది. చెయ్యి ఎలా విరిగిందో చెప్పమన్నారు.

"పడినాడు" అంది తాయారమ్మ.

సరిగ్గా చెప్పమని ప్లీడరు గద్దించాడు. ఆమె మళ్ళీ అదే అంది. ఇంకో మాట ఆమె నోట్లో నుంచి రాలేదు. ఆమె ఎందుకు అలా అన్నదో ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

మేజిస్ట్రేటు కనకవల్లిని అడిగాడు. ఆమె ముసలావిడ మాటను పట్టుకోలేదు.

"పడలేదు సామీ. నేనే కొట్టినా."

"మొదటి దెబ్బకే అతను చెయ్యి వదిలాడని సాక్షులు చెప్పారు. మిగతా రెండూ ఎందుకు కొట్టావు?"

"మళ్ళా లేస్తాడని."

చెంపదెబ్బ గురించి ఆ కోర్టులో ఎవరూ అడగలేదు. అడిగిన ప్రశ్నల్లో యతిరాజులు పేరు లేదు. నాలుగు నెలల శిక్ష పడింది. కనకవల్లిని వేలూరు పంపారు. జైల్లో ఆమెకు వంటశాల పని వేశారు. అక్కడ కట్టెలు ఎండినవి ఇచ్చేవారు. పొయ్యి ఊదాల్సిన పని ఉండేది కాదు. వండింది ఆమె కూడా అందరితో పాటు, అదే వేళకు, కూర్చుని తినేది.

1955 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమెను విడిచిపెట్టారు. గేటు బయట అలివేలుమంగ నిలబడి ఉంది. చేతిలో ఇడ్లీ పొట్లం ఉంది.

"ఆరు తెచ్చినా. రైల్లో రెండు తినేసినా" అంది.

"అమ్మ వచ్చిందా?"

"అమ్మకెట్ల తెలుస్తాది? నేను ఎన్నూరులో లేను గదా. మద్రాసులోనే, పురసవాక్కంలో ఉండాను. ఒక అచ్చాఫీసులో పుస్తకాలు కుట్టే పని. ఇంకో ముగ్గురు ఆడోళ్ళతో ఒక గది. నీకు గూడ చాప ఉంది."

కనకవల్లి పొట్లం విప్పి అక్కడే నిలబడి తినసాగింది. అలివేలు ఆమె తినడం చూస్తూ చెప్పింది.

"ఆఫీసులో ఒకాయన పెళ్ళి మాట అడిగినాడక్కా. జనార్దనం అని, అక్షరాలు పేర్చే ఆయన. మన రక్తం సంగతి అంతా చెప్పినా. కొడుకు పుడితే ఎట్లుంటాదో గూడ చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఆలోచించి చెప్తానన్నాడు."

"నువ్వేమన్నావు?"

"నేను గూడ ఆలోచిస్తానన్నా."

ఇద్దరూ కాట్పాడి స్టేషన్‌కు బస్సెక్కారు.